బండ్ల బాట మీద గీసిన గీత

ఈ మధ్య నిజామాబాద్‌లో, గణాంకాల శాఖలో కొత్తగా చేరినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. శాలువా కప్పారు, ఫొటో దిగారు, టీ ఇచ్చారు. టీ అయ్యేసరికి భోజనాల వేళయింది. చెప్పాల్సిన మాటలు కడుపులోనే ఉండిపోయాయి. వాటిని మోసుకు తిరగడం ఈ వయసులో నా వల్ల కాదు కాబట్టి ఇక్కడ దించుతున్నాను.

వెళ్ళేటప్పుడు కొత్త ఉద్యోగి ఒకాయన మెట్ల దగ్గర ఆపి, "సార్, ఈసారి జనాభా లెక్కలు ఫోన్లనే గద, బ్లాకులు గూడ ఫోనే గీసుకుంటది గావచ్చు?" అని అడిగాడు. ఏం చెప్పను? గీస్తుంది నాయనా, ఫోన్ ఏమైనా గీస్తుంది. కాలువ మాత్రం దాటదు. ఆ మాట అక్కడ అంటే వింతగా చూస్తాడని ఊరుకున్నాను. ఎందుకనుకున్నానో తెలియాలంటే బోధన్ దగ్గర బండ్లవాడ సంగతి చెప్పాలి.

ముందు బ్లాకు సంగతి

జనాభా లెక్కలంటే అందరికీ గుర్తొచ్చేది దేశం మొత్తం కలిపి చెప్పే ఆ పెద్ద అంకె. దాని మీద టీవీలో చర్చలు పెడతారు. మా పని అంత పెద్దది కాదు. ఒక ఊరిని, ఒక వార్డును ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో బడిపంతులుకు అప్పగించాలి. ఒక మనిషి ఇల్లిల్లూ తిరిగి రాయగలిగినంత ముక్క. అదే బ్లాకు. దానికి నాలుగు దిక్కులా హద్దులు రాసి, చేత్తో ఒక నక్షా గీసి ఇస్తాం. ఇంతే పని. ఇంత చిన్న పనిని ఎన్ని రకాలుగా చెడగొట్టవచ్చో నా సర్వీసంతా చూశాను.

ఆ గీత సరిగ్గా ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. లెక్క అయిపోయాక ఎవరూ దాని ముఖం చూడరని అనుకుంటారు. చూస్తారు. బడి ఎక్కడ పెట్టాలి, నీళ్ళ ట్యాంకు ఎక్కడ కట్టాలి, అంగన్‌వాడీ ఏ వాడకు ఇవ్వాలి అని ఏ శాఖ వాళ్ళు సర్వేకు బయల్దేరినా, చేతికి అందేది మా నక్షానే. కొత్తది గీసే ఓపిక ఎవరికీ ఉండదు. మేం గీసిన గీత మాకు పనైపోయిన గీత. దాని మీద మిగతా అందరూ ఇల్లు కడతారు.

కదిలే హద్దులు

హద్దు కదలకూడదు. ఇది శిక్షణలో మొదటి రోజే చెబుతారు. అందరూ తలూపుతారు. తర్వాత వెళ్ళి కదిలేవాటినే హద్దులుగా రాస్తారు.

నిజామాబాద్ పట్నంలో ఒక మొహల్లాలో ఎవరో పుణ్యాత్ముడు 'టైలర్ దుకాణం నుంచి మొదలు' అని రాశాడు. లెక్కలు వచ్చేనాటికి ఆ టైలర్ కిరాయి పెరిగిందని రెండు గల్లీల అవతలికి మారిపోయాడు. ఎన్యూమరేటర్‌గా వెళ్ళిన టీచరమ్మ చాలా బుద్ధిమంతురాలు. టైలర్ ఎక్కడని వాకబు చేసి, కొత్త దుకాణం పట్టుకుని, అక్కణ్ణుంచి లెక్క మొదలుపెట్టింది. ఒక గల్లీని ఇద్దరు రాశారు, పాత గల్లీని ఒక్కరూ రాయలేదు. నేను తల పట్టుకుని అడిగితే ఆమె శాంతంగా జవాబు చెప్పింది.

"టైలర్ కాడికెళ్లి మొదలుపెట్టమని రాసిండ్రు, మొదలుపెట్టిన. నా తప్పేంది సార్?"

ఆమె తప్పేమీ లేదు. ఆ టైలర్ మాత్రం రెండుసార్లు టీ పోయించి, తన పేరు సర్కారు కాగితాల్లోకి ఎక్కిందని వారం పాటు మురిసిపోయాడు.

పట్నంలో ఇలాంటివి నవ్వుకోవడానికి పనికొస్తాయి. మర్నాడు మళ్ళీ వెళ్ళి సరిచేసుకోవచ్చు. బోధన్ వైపు చెరకు ఊళ్ళలో నవ్వు రాలేదు. అక్కడ మా పాతవాళ్ళు బండ్ల బాటలను హద్దులుగా పెట్టారు. అప్పట్లో అది తప్పు కాదు. చెరకు బండ్లు వరసగా నడిచి నడిచి, ఆ బాటలు తారు రోడ్డు కన్నా గట్టిగా ఉండేవి. లారీలు, ట్రాక్టర్లు వచ్చాక బండ్లు ఆ బాటలను వదిలేశాయి. కొన్ని బాటలు పొలాల్లో కలిసిపోయాయి. కొన్నింటి మీద ఇళ్ళు లేచాయి. మా కాగితాల్లో మాత్రం బండ్లు నడుస్తూనే ఉన్నాయి.

బండ్లవాడ

ఊరి పేరు చెప్పను. ఊరు కాలువకు రోడ్డు వైపు ఒడ్డున ఉంటుంది. ఊరి నడుమ నుంచి బండ్ల బాట బయల్దేరి, కల్వర్టు మీదుగా కాలువ దాటి, అవతల చెరకు తూకం వేసే కాంటా దాకా పోయేది. బండ్లు కాంటా దగ్గర వంతు కోసం ఆగేవి కాబట్టి, చెరకు కొట్టేవాళ్ళు, లోడు ఎత్తేవాళ్ళు అక్కడే గుడిసెలు వేసుకున్నారు. కొందరు మంజీర అవతలి నుంచి వచ్చినవాళ్ళు, ఇంట్లో మరాఠీ మాట్లాడతారు. బండ్లు ఆగిపోయాక ఆ బాటకు అటు ఒక వరస, ఇటు ఒక వరస ఇళ్ళు లేచాయి. అదే బండ్లవాడ. కల్వర్టు ఒక వానాకాలం కొట్టుకుపోతే మళ్ళీ ఎవరూ కట్టలేదు. కాలువ దాటాలంటే తూము మీది సన్నటి గోడే దిక్కు. లేదంటే పొలాల చుట్టూ తిరిగి రావాలి.

ఇప్పుడు మా బ్లాకుల గీత చూడండి. గీత బండ్ల బాట వెంట పోతుంది. ఊరిని నిలువుగా రెండు చేసి, కాలువ దాటి, బండ్లవాడను కూడా రెండు చేస్తుంది. ఒక వరస ఊళ్ళో సగంతో కలిసి ఒక బ్లాకు. ఎదురు వరస మిగతా సగంతో కలిసి ఇంకో బ్లాకు. బండ్లవాడ అనేది ఒకటి ఉందని ఏ కాగితంలోనూ తెలియదు. ఎవరు అంగన్‌వాడీ అడిగినా, మీ బ్లాకులో ఉంది కదా, ఊళ్ళో ఉంది కదా అనేవారు. ఉంది, కాలువకు ఆ ఒడ్డున.

నాకు ఇది అర్థమయ్యేలా చెప్పింది సాయవ్వ. చెరకు కొట్టే ముఠాకు ఆమే పెద్ద. ఆడవాళ్ళందరూ తెల్లవారకముందే పనికి పోతారు, చంటిపిల్లలను చూసేవాళ్ళు లేరు, ఎవరు పడితే వాళ్ళకు అప్పగించి పోవాల్సి వస్తోందని ఆమె ఎన్ని ఆఫీసులు తిరిగిందో. చివరికి నక్షా గీసేది నేనని ఎవరో చెబితే, నేను ఆ ఊరికి పోయిన రోజు పట్టుకుంది.

"గీ బాటకు ఇటు నా ఇల్లు, అటు నా బిడ్డ ఇల్లు. ఇద్దరం ఒక్క పొయ్యి మీదనే వండుకుంటం సారూ. మీ కాయిదంల మేం చెరొక తాన ఉన్నమట. గిదేం లెక్క?"

అక్కా, ఈసారి సరిచేస్తాను అని చెప్పి వచ్చాను. ఉద్యోగంలో అలాంటి మాట ఇవ్వకూడదు. ఇచ్చాక నిలబెట్టుకోవడానికి పై ఆఫీసర్ల కాళ్ళు పట్టుకోవాలి.

లడ్డూల సారు

అప్పటి మా ఆఫీసర్‌కు ఒక పిచ్చి ఉండేది. బ్లాకులన్నీ ఒకే సైజులో ఉండాలి. లడ్డూలు చుట్టినట్టు అన్నీ సమానంగా చుడితే తప్ప ఆయనకు నిద్ర పట్టేది కాదు. మేం వెనకాల లడ్డూల సారు అనుకునేవాళ్ళం. మనిషి చెడ్డవాడు కాదు. లంచం ముట్టలేదు, ఒకరి మీద చాడీ వినలేదు. కానీ మంచి ఆఫీసర్ మొండి పట్టు పడితే చెడ్డ ఆఫీసరే నయమనిపిస్తుంది. చెడ్డవాణ్ణి ఎలాగో బతిమాలి ఒప్పించవచ్చు.

నేను అడిగింది చిన్నదే. బండ్ల బాటను హద్దుగా తీసేసి, కాలువను పెడదాం. బండ్లవాడ రెండు వరసలూ కలిపి ఒక బ్లాకు చేద్దాం. పాత లెక్క చూసి ఆయన పెదవి విరిచాడు. ఇంత తక్కువ మందికి ఒక బ్లాకా అన్నాడు. తక్కువ ఎందుకుందో చెప్పాను. జనాన్ని ఎంచేది ఫిబ్రవరిలో. అది చెరకు కొట్టే కాలం. ఇక్కడ చెరకు తగ్గిన కొద్దీ ముఠాలు మహారాష్ట్రకు పోవడం మొదలుపెట్టాయి. ఎంచేవాడు వచ్చేసరికి సగం ఇళ్ళకు తాళాలు. ముసలివాళ్ళు, వాళ్ళ దగ్గర వదిలిన పిల్లలు మాత్రం ఉన్నారు. తాళం వేసిన ఇంటిని ఖాళీ ఇల్లు అనుకుంటే ఎట్లా సార్ అన్నాను. గోడకు చెప్పినట్టే అయింది.

చివరికి నా పోరు పడలేక, పద చూద్దాం అని జీపు తీయించాడు. అది ఎండాకాలం. జీపు రోడ్డు వైపు ఒడ్డు దాకా పోయి ఆగింది. ఆయన దిగి, ఊరివాళ్ళు తెచ్చిన టీ పట్టుకుని, బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు. సార్, అవతలికి పోదాం రండి అన్నాను. ఇక్కణ్ణుంచి అన్నీ కనబడుతున్నాయి కదయ్యా అన్నాడు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు పెద్దలు. కాలువలో అప్పుడు నీళ్ళు లేవు, పైనుంచి బందు చేశారు. మేకలు అడుగున పడుకుని ఉన్నాయి.

"నీళ్ళేవయ్యా? దీన్ని హద్దు అంటే నవ్వుతరు" అన్నాడు.

నీళ్ళు వదిలిన కాలంలో తూము గోడ మీద పిల్లలు ఎలా నడుస్తారో చెప్పబోయాను. ఆయన అప్పటికే టీ గ్లాసు ఇచ్చేసి జీపు ఎక్కాడు. ఆ జీపులోనే తీర్పు చెప్పాడు. బండ్లవాడ రెండు వరసలూ కలపడానికి ఒప్పుకుంటున్నాడు. అయితే బ్లాకు నిండాలి కాబట్టి, కాలువకు ఈ ఒడ్డున ఉన్న ఊరి గల్లీ ఒకటి అందులో కలపాలి. సగం దక్కిందని నేను సంతోషించాను. ఆ సగమే కొంప ముంచింది.

మంజూరైంది

కొన్నేళ్ళకు పిల్లల శాఖ వాళ్ళు సర్వేకు వచ్చారు. నేననుకున్నట్టే మా నక్షా పట్టుకుని తిరిగారు. ఈ బ్లాకులో ఇంతమంది పిల్లలున్నారు, ఒక్క అంగన్‌వాడీ కూడా లేదని రాశారు. మంజూరైంది. సాయవ్వ నిజామాబాద్ దాకా వచ్చి మా ఇంట్లో సీతాఫలాలు ఇచ్చిపోయింది. మా ఆవిడ ఎందుకని అడిగితే, గొప్పగా మీసం దువ్వుకున్నాను కూడా.

కేంద్రం పెట్టడానికి గది కావాలి. బ్లాకులో సర్కారు గది ఎక్కడుంది? ఊరి గల్లీలో పాత పంచాయతీ గది ఒకటి ఖాళీగా ఉంది. అది బ్లాకు లోపలే ఉంది, నిబంధన ప్రకారం సరిపోతుంది. అక్కడ బోర్డు కట్టారు. అంటే ఊరివైపు ఒడ్డున, ఒకటి పిలిస్తే ఒకటి పలికేంత దూరంలో, రెండు అంగన్‌వాడీలు. బండ్లవాడ ఒడ్డున ఒక్కటీ లేదు. ఈ సంగతి విన్న రోజు నాకు అన్నం సయించలేదు. లడ్డూల సారు అప్పటికే బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఉన్నా ఏమంటాడు, బ్లాకులోనే ఉంది కదయ్యా అంటాడు.

యాసంగి పంటకు కాలువ వదిలారు. సాయవ్వ మనవరాలు అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు కోసమని మిగతా పిల్లలతో కలిసి తూము గోడ మీద పోతూ జారింది. కింద బర్రెలను కడుగుతున్న మనిషి చూసి దూకాడు కాబట్టి పిల్ల దక్కింది. నేను కబురు తెలిసి వెళ్ళేసరికి పిల్ల దుప్పటి కప్పుకుని బొరుగులు తింటోంది. సాయవ్వ నా మీద కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"మమ్ముల ఎంచిండ్రు సారూ. ఏడున్నమో సూడలే" అంది.

నాకు సిగ్గు, కోపం, ఏడుపు మూడూ ఒక్కసారే వచ్చాయి. రాయాల్సిన చోటల్లా రాశాను. గది మార్చడానికి మళ్ళీ మంజూరు కావాలన్నారు, మంజూరుకు మళ్ళీ సర్వే కావాలన్నారు. నేను రిటైరయ్యాను.

బండ్లవాడ ఆడవాళ్ళు ఎవరి మంజూరు కోసమూ ఆగలేదు. చెరకు కాంటా మూతపడి, దాని రేకుల షెడ్డు ఊరికే పడి ఉంది. దాన్ని ఊడ్చి, అలికి, పిల్లలను అక్కడ కూర్చోబెట్టారు. పిల్లలు ఆ ఒడ్డుకు వెళ్ళరు, అంగన్‌వాడీ టీచరే ఈ ఒడ్డుకు రావాలని తేల్చి చెప్పారు. టీచర్ మంచిది. పొద్దున్నే బోర్డున్న గది తాళం తీసి, బియ్యం, పప్పు, గుడ్లు గంపలో పెట్టుకుని గోడ మీదుగా బండ్లవాడకు వస్తుంది. తనిఖీ ఉందని తెలిస్తే, తల్లులందరూ పనులు మానుకుని పిల్లలను చంకన ఎత్తుకుని ఆ ఒడ్డుకు మోస్తారు. తనిఖీ అధికారి ఫొటో తీసుకుని, బాగుందని రాసి పోతాడు. మళ్ళీ పిల్లలను ఇటు మోసుకొస్తారు. ఏ కాగితం చూసినా తప్పు దొరకదు. ఏళ్ళ తరబడి ఒక వాడంతా సర్కారు గీసిన గీత కోసం ఇలా నాటకమాడుతూ బతుకుతోంది.

రోహిణి

ఇప్పుడు మళ్ళీ లెక్కలు వస్తున్నాయి. బోధన్ వైపు బ్లాకులు సరిచూసే పని రోహిణి అనే అమ్మాయికి పడింది. కొత్తగా ఉద్యోగంలో చేరింది. శాలువా కప్పిన రోజు నేను నోరు తెరిచేలోపే టైమైపోతే బాధపడిన ఒకే ఒక మనిషి ఆమె. ఒక రోజు నక్షా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఫోన్‌లో అంగన్‌వాడీ ఎక్కడుందో చుక్క పెట్టాలట. పాత కాగితంలో ఒక ఒడ్డున ఉంది, అన్నం ఇంకో ఒడ్డున ఉడుకుతోందని టీచర్ చెప్పేసింది. వాళ్ళ ఆఫీసర్ బోర్డున్న చోటే పెట్టమంటున్నాడు. బ్లాకు సంగతి ఎత్తితే, చిన్న బ్లాకులు వద్దు, ఉన్నదాన్ని కదిలించొద్దు అన్నాడట. ఆఫీసర్లు మారతారు, లడ్డూలు మారవు.

"ఏం జెయ్యమంటరు సార్?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. పద, అక్కడికే పోదాం అన్నాను. ఆఫీసు జీపులో వెళ్ళాం. జీపు ఎప్పటిలాగే రోడ్డు వైపు ఒడ్డున ఆగింది. కాలువ నిండుగా పారుతోంది. నా మోకాళ్ళు ఇప్పుడు తూము గోడ ఎక్కే స్థితిలో లేవు, కాబట్టి ఈ ఒడ్డునే నిలబడ్డాను. అవతల కాంటా షెడ్డులో పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. సాయవ్వ జుట్టు పూర్తిగా నెరిసింది. గుమ్మంలో కూర్చున్నది నన్ను గుర్తుపట్టి, లేచి ఒడ్డు దాకా వచ్చింది. నా పక్కన ఫోన్ పట్టుకున్న అమ్మాయిని చూసి సంగతి గ్రహించింది.

"పోయినసారి మమ్ముల గా ఒడ్డు మీదనే నిలవడి గీసిండ్రు" అని నీళ్ళ మీదుగా కేకేసింది. "ఈసారన్న ఈడికొచ్చి, పోరగాండ్ల నడుమ కూసోని గియ్యి బిడ్డా."

రోహిణి నా వైపు చూసింది. నా చేతిలో ఏ సంతకమూ లేదు, రేపు ఆఫీసర్ మందలించేది ఆమెను. అయినా ఒక్క మాట అన్నాను.

"పిల్లలు ఏడ గూసున్నరో ఆడ చుక్క పెట్టు. హద్దు కాడ కాలువ అని రాయి. బ్లాకు చిన్నదైతే చిన్నదే."

ఆమె చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. తూము గోడ మీద ఒక చేయి చాపుకుంటూ నడిచింది. అవతల సాయవ్వ చేయి అందించింది. షెడ్డులోకి పోయి పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫోన్ తీసింది. ఒక పిల్ల లేచి ఆమె భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగి చూడసాగింది.

నేను జీపు బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాను. ఊరివాళ్ళు టీ తెచ్చారు. గ్లాసు చల్లారక ముందే అవతలి నుంచి రోహిణి చేయి ఊపింది, అయిపోయింది సార్ అన్నట్టు. ఆ రోజు మా ఆఫీసర్ ఇదే చోట నిలబడి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.